గుడ్లగూబ ఈకలో దాగిన గులాబీ రంగు: హైదరాబాద్‌లో యూవీ టార్చ్‌తో చూడాలంటే

ముందే చెప్పేస్తున్నా, గుడ్లగూబలు చీకట్లో మిణుగురుల్లా వెలగవు. ఫోన్లో ఈ మధ్య తిరుగుతున్న ఊదా రంగు ఫోటోలు చూసి చాలామంది అలాగే అనుకుంటున్నారు. జరిగేది వేరు. మన కంటికి కనిపించని అతినీలలోహిత కాంతి, అంటే అందరం యూవీ అనే కాంతి, ఆ ఈకల మీద పడితే అందులో ఉన్న ఒక రంగుపదార్థం దాన్ని పీల్చుకుని, కనిపించే ఎర్రటి గులాబీ వెలుగుగా మార్చి బయటికి వదులుతుంది. దీన్నే ఫ్లోరెసెన్స్ అంటారు. టార్చ్ ఆపేస్తే ఆ క్షణమే వెలుగూ ఆగిపోతుంది. రాత్రిపూట తిరిగే నైట్‌జార్ పిట్ట దారి మీద కూర్చున్నప్పుడు బండి హెడ్‌లైట్ పడి కళ్లు ఎర్రగా మెరుస్తాయి చూడండి, అది కూడా ఇది కాదు. అక్కడ కంటి వెనక ఉన్న పొర వచ్చిన కాంతినే వెనక్కి కొడుతుంది, అంతే.

ఇది చూడడానికి ల్యాబ్ అక్కర్లేదు, అడవికి పోనక్కర్లేదు. మంచి టార్చ్ ఒకటి, వంటింట్లో దొరికే నాలుగు వస్తువులు, కాస్త ఓపిక ఉంటే చాలు. బతికున్న గుడ్లగూబ మాత్రం అక్కర్లేదు. అదెందుకో కింద చెప్తాను, అది దాటేయకుండా చదవండి.

ఆ రంగు ఏంటి, ఎందుకు పోతుంది

దాని పేరు పోర్ఫిరిన్. మన రక్తానికి ఎరుపునిచ్చే హీమ్ ఉంది కదా, ఒంట్లో అది తయారయ్యే దారిలో పుట్టే పదార్థాల కుటుంబం ఇది. గుడ్లగూబల ఈకల్లో ప్రధానంగా ఉండేది కోప్రోపోర్ఫిరిన్ 3. పోర్ఫిరిన్ నడిమధ్యలో ఇనుము చేరితే హీమ్ అవుతుంది. రాగి చేరితే టురాసిన్ అవుతుంది, ఆఫ్రికాలోని టురాకో పక్షుల రెక్కల ఎరుపు దానిదే, ఆ ఎరుపులో రాగి ఉందని 1869లోనే ఆర్థర్ చర్చ్ అనే రసాయన శాస్త్రవేత్త రాశాడు. కానీ రాగి చేరితే ఫ్లోరెసెన్స్ చచ్చిపోతుంది. గుడ్లగూబ ఈకలో ఏ లోహమూ చేరకుండా ఖాళీగా ఉండిపోయిన పోర్ఫిరిన్ కాబట్టే మనకు గులాబీ వెలుగు కనిపిస్తుంది. గుడ్లగూబలే కాదు, నైట్‌జార్లలో కూడా ఇది ఉంది. స్పెయిన్‌లో రెడ్ నెక్డ్ నైట్‌జార్ల రెక్కల్లో ఈ వెలుగును కొలిచి 2019లో పేపర్ కూడా వేశారు. పగటి పక్షుల్లో మన బట్టమేక పిట్ట కుటుంబానికి ఈ సంగతి ఉంది, ఆ కుటుంబంలోని కొన్ని పక్షుల ఈకల మొదళ్లలో గులాబీ రంగు మామూలు కంటికే కనిపిస్తుంది, ఎండ తగిలితే చాలా త్వరగా వెలిసిపోతుంది.

ఎండకు వెలిసిపోవడమే ఈ మొత్తం వ్యవహారంలో అసలు కిటుకు. పోర్ఫిరిన్ కాంతికి తట్టుకోలేదు, వెలుతురు తగిలేకొద్దీ విరిగిపోతుంది. ఇంకో విషయం, ఈక పెరుగుతున్నంత కాలమే దానికి రక్తం అందుతుంది, రంగు చేరేదీ అప్పుడే. పూర్తిగా పెరిగాక ఈక అంటే మన గోరు, వెంట్రుక లాగా కెరాటిన్ అనే ప్రాణం లేని పదార్థమే, కొత్త రంగు వచ్చి చేరే దారి ఉండదు. కాబట్టి ఉన్న గులాబీ తగ్గాల్సిందే తప్ప పెరగదు. కొత్త ఈక గాఢంగా, పాత ఈక పాలిపోయి కనిపిస్తుంది. అంటే మీరు చూస్తున్నది అలంకారం కంటే ఎక్కువగా ఆ ఈక ఎప్పటిది అని చెప్పే గుర్తు. పగలు మరుగున ఉండి రాత్రి తిరిగే పక్షుల్లో, అందులోనూ ఎండ తగలని రెక్క అడుగు భాగంలో ఈ రంగు నెలల తరబడి నిలబడడానికి కారణం కూడా ఇదే.

దీనివల్ల గుడ్లగూబకు ఏం లాభం అని అడుగుతారు. శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు. అమెరికాలో మిషిగన్‌లోని వైట్‌ఫిష్ పాయింట్ మీదుగా వలస పోయే లాంగ్ ఇయర్డ్ ఔల్ అనే గుడ్లగూబల్ని పరీక్షించిన వాళ్లు ఆడ పక్షుల్లో ఈ రంగు ఎక్కువని 2025లో రాశారు. అంతకు మించి "జతను ఆకర్షించడానికే" అని ఎవరైనా గట్టిగా చెప్తే నమ్మకండి. రాత్రిపూట అడవిలో యూవీ కాంతి ఉండేదే బహు తక్కువ.

టార్చ్ దగ్గరే సగం మంది బోల్తా పడతారు

మార్కెట్లో రెండు రకాలుంటాయి. 395 నానోమీటర్లది, 365 నానోమీటర్లది (కాంతి తరంగం పొడవును కొలిచే లెక్క ఇది). నోట్లు చెక్ చేసే చవక టార్చ్‌లు, మొబైల్ షాపుల్లో వంపు స్క్రీన్ మీద టెంపర్డ్ గ్లాస్ జిగురు ఆరబెట్టే లైట్లు, ఏసీ మెకానిక్‌లు గ్యాస్ లీకేజీ చూడడానికి వాడేవి ఎక్కువగా మొదటి రకం. పోర్ఫిరిన్ గట్టిగా పీల్చుకునేది 400 నానోమీటర్ల దగ్గరి కాంతిని కాబట్టి, నిజానికి 395 టార్చ్‌తో కూడా అది వెలుగుతుంది. చిక్కేంటంటే ఆ టార్చ్ నుంచి కంటికి కనిపించే ఊదా కాంతి కూడా బోలెడు వస్తుంది. ఆ ఊదాలో గులాబీ మునిగిపోయి, ప్రతి ఈకా మెరుస్తున్నట్టే అనిపిస్తుంది. పైన చెప్పిన ఫోటోల్లో చాలావాటి కథ ఇదే. అందుకని 365ది కొనండి, ముందు నల్లగా కనిపించే ఫిల్టర్ గ్లాస్ ఉన్నది కొనండి. ఆ ఫిల్టర్‌ని అమ్మేవాళ్లు జెడ్‌డబ్ల్యూబీ2 అని రాస్తారు.

ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా, కోఠి గుజరాతీ గల్లీలో వెతుక్కున్నా, చేతికొచ్చాక ఒక పరీక్ష చేయండి. చీకటి గదిలో స్టీలు పళ్లెం మీద వేసి చూడండి. ఫిల్టర్ లేని దానికి పళ్లెంలో ఊదా మరక కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, మంచిదానికి దాదాపు ఏమీ కనిపించదు. తర్వాత ఐదొందల నోటు మీద వేయండి, నంబర్లు మెరవాలి, కాగితంలో అక్కడక్కడా సన్నని రంగు పోగులు బయటపడాలి. పోగులు స్పష్టంగా కనిపిస్తే టార్చ్ పనికొస్తుంది.

కరోనా టైంలో కొన్న శానిటైజర్ డబ్బాలోని ట్యూబ్ ఉంది కదా, అది వాడొచ్చా అని అడగకండి. అది యూవీసీ, 254 నానోమీటర్లది, కళ్లకీ చర్మానికీ నేరుగా హాని. 365 కూడా బొమ్మేం కాదు, నేరుగా ఎవరి కళ్లలోకీ వేయొద్దు, పిల్లల చేతికి ఇవ్వొద్దు. యూవీ 400 అని రాసి ఉన్న పాలికార్బొనేట్ కళ్లజోడు పెట్టుకోండి. పెట్టుకుంటే ఇంకో లాభం కూడా ఉంది, యూవీ తగిలి కంటి లెన్స్ తనే కాస్త మెరిసి చూపు మసకగా అనిపించడం తగ్గి, ఎరుపు బాగా తేలుతుంది.

ముందు వంటింట్లో కన్ను తయారు చేసుకోవాలి

నన్నడిగితే ఇదే ముఖ్యమైన భాగం. నిజమైన పోర్ఫిరిన్ ఎరుపు ఎలా ఉంటుందో తెలియకుండా ఈకల దగ్గరికి పోతే ప్రతి మెరుపూ అదేననిపిస్తుంది.

గోధుమ రంగు పెంకు ఉన్న కోడిగుడ్డు తీసుకోండి. నాటుకోడిదైనా సరే, సూపర్ మార్కెట్‌లో దొరికే బ్రౌన్ ఎగ్ అయినా సరే. పెంకులో ఉండే ప్రోటోపోర్ఫిరిన్, గుడ్లగూబ ఈకలోని దానికి దాయాది. లైట్లన్నీ ఆపి, ఫోన్ స్క్రీన్ కూడా బోర్లించి, రెండు మూడు నిమిషాలు కళ్లను చీకటికి అలవాటు పడనివ్వండి. అప్పుడు టార్చ్ వేస్తే పెంకు ముదురు ఎరుపు కలిసిన గులాబీ రంగులోకి తిరుగుతుంది. పక్కనే మామూలు తెల్ల గుడ్డు పెడితే తేడా తెలుస్తుంది. బాగా దగ్గరికి పోయి చూడండి, పెంకంతా ఒకేలా ఉండదు. గోధుమ రంగు చిక్కగా ఉన్న చోట ఎరుపు గట్టిగా, గీసుకుపోయి పై పొర లేచిపోయిన చోట పాలిపోయినట్టుగా ఉంటుంది. పెట్ట గూట్లో గీకిన గోరు గీత కూడా తెల్లటి చారలా తేలుతుంది. ఆ ఎరుపును గుర్తుపెట్టుకోండి, తర్వాత వెతకాల్సింది దాన్నే.

ఇప్పుడు ఎండ సంగతి మీ కళ్లతో మీరే తేల్చుకోండి. ఆమ్లెట్ వేసుకున్నాక మిగిలిన గోధుమ పెంకును కడిగి, సగానికి వంటింటి ఫాయిల్ చుట్టి, మేడ మీద ఎండలో పెట్టండి. మన ఏప్రిల్ ఎండ అయితే ఇంకా మంచిది. కొన్ని రోజులయ్యాక ఫాయిల్ విప్పి చీకట్లో టార్చ్ వేసి చూడండి, కప్పిన సగం, ఎండ తగిలిన సగం మధ్య తేడా కనిపిస్తుంది. మామూలు వెలుతురులో రెండూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి కాబట్టి, ఇది చూశాక ఈకల వయసు లెక్క ఎలా పనిచేస్తుందో ఎవరూ వివరంగా చెప్పనక్కర్లేదు. కోతులు తిరిగే కాలనీ అయితే పైన జాలీ పెట్టుకోండి మరి.

పాలకూర రెండు ఆకులు నలిపి సర్జికల్ స్పిరిట్‌లో నానబెట్టి వడకట్టండి. ఆకుపచ్చగా ఉన్న ఆ నీళ్ల మీద యూవీ వేస్తే రక్తంలాంటి ఎరుపు వస్తుంది, పిల్లలు కేకలేస్తారు. క్లోరోఫిల్ కూడా ఇదే వంశంలోది, మధ్యలో మెగ్నీషియం ఉంటుంది. స్పిరిట్‌కి మంట త్వరగా అంటుకుంటుంది, స్టవ్ దగ్గర చేయకండి. పసుపు కొంచెం అదే స్పిరిట్‌లో కలిపితే పచ్చటి వెలుగు వస్తుంది, దాన్ని చూస్తే యూవీ కింద మెరిసేదంతా పోర్ఫిరిన్ కాదని అర్థమవుతుంది. అలాగే మీ తెల్ల చొక్కా, నోట్‌బుక్ కాగితం నీలం తెలుపులో మెరుస్తాయి. అది డిటర్జెంట్లలో, కాగితం తయారీలో వాడే తళుకు మందు మహిమ. ఈ నీలం తెలుపే రేపు ఈకల దగ్గర మిమ్మల్ని ఎక్కువగా తికమక పెడుతుంది. బట్టల పోగు ఒక్కటి ఈకకు అతుక్కున్నా "దొరికింది" అని ఎగిరి గంతేస్తారు.

ఇంట్లోనో పక్కింట్లోనో లవ్ బర్డ్స్ ఉంటే, అదే మన ఊళ్లో ఆ పేరుతో అమ్మే ఆస్ట్రేలియా బడ్జీలు, పంజరం అడుగున రాలిన ఈకలు అడిగి తీసుకోండి. పచ్చవి, పసుపువి యూవీ కింద పసుపు పచ్చగా వెలుగుతాయి. అది పోర్ఫిరిన్ కాదు, చిలుక జాతికే ఉండే వేరే పసుపు పదార్థం. పసుపు అసలే లేని నీలం బడ్జీలో ఆ వెలుగు రాదు. 2002లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధనలో బడ్జీల తల మీద సన్‌స్క్రీన్ లాంటిది పూసి ఆ వెలుగును తగ్గిస్తే, వాటిని జతగా ఎంచుకోవడం కూడా తగ్గింది. అంటే చిలుకల దగ్గర ఈ వెలుగుకు పని ఉందనడానికి రుజువు ఉంది. గుడ్లగూబల దగ్గర అలాంటి రుజువు లేదు, రెండింటినీ కలిపేసి చెప్పే వీడియోలు బోలెడు.

ఈక ఎక్కడ దొరుకుతుంది, దొరికితే ఏం చేయాలి

హైదరాబాద్‌లో గుడ్లగూబలకు కొదవ లేదు, మనకు కనిపించవంతే. హృదయం ఆకారంలో తెల్లటి ముఖం ఉండే బార్న్ ఔల్ పాత భవనాల పైకప్పుల్లో, వాడని నీళ్ల ట్యాంకుల కింద, అపార్ట్‌మెంట్ల డక్టుల్లో చేరుతుంది. పగిడికంటె, అంటే గోధుమ రంగు మీద తెల్ల చుక్కలున్న చిన్న గుడ్లగూబ, ఉస్మానియా క్యాంపస్ లాంటి పెద్ద చెట్లున్న చోట సాయంత్రం కాగానే కిచకిచలాడుతూ బయటికొస్తుంది. పెద్ద కొమ్ములున్నట్టు కనిపించే ఇండియన్ ఈగిల్ ఔల్ ఊరి చుట్టూ మిగిలిన రాళ్ల గుట్టల్లో ఉంటుంది, ఆ రాళ్లను ఎంత వేగంగా పేల్చేస్తున్నారో మీకు తెలుసు.

పైకి చూడకండి, కిందికి చూడండి. సన్‌షేడ్ కిందో డక్ట్ అడుగునో బూడిద రంగు ఉండలు కనిపిస్తే అక్కడ గుడ్లగూబ కూర్చుంటోందన్నమాట. తిన్న ఎలుకలో అరగని వెంట్రుకలు, ఎముకలు ఉండచుట్టి నోటితో కక్కేస్తుంది. ఆ ఉండ మీద యూవీ వేస్తే లోపలి సన్నటి ఎలుక ఎముకలు నీలం తెలుపులో తేలుతాయి, ఎముకలోని కొల్లాజెన్ అనే ప్రోటీన్ అలా మెరుస్తుంది. దాని చుట్టూ నాలుగడుగుల్లో ఈకల కోసం చూడండి. డక్ట్ లాంటి చీకటి చోట పడిన ఈక అయితేనే ఆశ పెట్టుకోండి, మేడ మీద ఎండలో పడి ఉన్నదానిలో గులాబీ మిగిలే అవకాశం తక్కువ. మాస్క్ పెట్టుకోండి, పావురాల రెట్ట ఎండి పొడి అయిన డక్టుల్లో అది తప్పనిసరి, తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి. తేళ్లు కూడా యూవీ కింద ఆకుపచ్చగా మెరుస్తాయి, రాళ్ల దగ్గర వెతికేవాళ్లకు అదొక ఉచిత హెచ్చరిక.

అది గుడ్లగూబ ఈకేనా అని ముందు చూసుకోవాలి, ఎందుకంటే మన ఊళ్లో రాలే ఈకల్లో పావురాలవి, గద్దలవే ఎక్కువ. గుడ్లగూబ ఈక పైన మఖమల్ లాంటి మెత్తని నూగు ఉంటుంది. రెక్క చివరి పెద్ద ఈక అయితే ముందు అంచు దువ్వెన పళ్లలా చీలి ఉంటుంది, చప్పుడు లేకుండా ఎగరడానికి అదొక కారణం. బార్న్ ఔల్‌దైతే బంగారు గోధుమ రంగు, అడ్డంగా పల్చటి చారలు. పావురం ఈకలో ఈ నూగూ లేదు, పళ్లూ లేవు. నిజానికి పావురం ఈక పక్కన ఉంటే మంచిదే, అది గులాబీ రంగులో వెలగదు కాబట్టి పోల్చి చూసుకోవడానికి పనికొస్తుంది.

ఇప్పుడు చట్టం. గుడ్లగూబలన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఉన్నాయి. రాలిన నెమలి ఈకలకు ఆ చట్టంలో ఉన్న మినహాయింపు వీటికి లేదు. "రాలిందే కదా, నేనేం చంపలేదు కదా" అనే వాదన వినడానికి బాగానే ఉంటుంది, ఇంట్లో దొరికితే సంజాయిషీ చెప్పుకోవాల్సింది మీరే. కాబట్టి పడి ఉన్న చోటే చూడండి, ఫోటో తీసుకోండి, అక్కడే వదిలేయండి. కేబీఆర్, మృగవని లాంటివి నేషనల్ పార్కులు, అక్కడ రాత్రి తిరగడం కుదరదు, ఏదీ ఎత్తుకురావడం కూడా కుదరదు. కాలేజీ ప్రాజెక్ట్‌గా చేయాలంటే బయాలజీ డిపార్ట్‌మెంట్ ద్వారా అటవీ శాఖ అనుమతి తీసుకుని చేయాలి.

బతికున్న పక్షి మీద యూవీ టార్చ్ వేయొద్దు. వెడల్పైన గుడ్లగూబ కన్ను చీకట్లో పూర్తిగా తెరుచుకుని ఉంటుంది, ఆ కంట్లోకి గట్టి టార్చ్ వేస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు, గుడ్ల మీద కూర్చున్నదైతే లేచి పోతుంది. అయినా దూరం నుంచి వేస్తే మీకేం కనిపించదు కూడా, ఎందుకంటే వెలిగేది రెక్క అడుగున. విదేశాల్లో పరిశోధకులు పక్షిని వలలో పట్టి, రింగు వేసేటప్పుడు చేతిలో ఉంచుకుని, కళ్లకు కాంతి తగలకుండా రెక్క విప్పి చూస్తారు. మన దగ్గర అడవి పక్షిని పట్టుకోవడానికే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. సంక్రాంతికి మాంజా చుట్టుకుని పడిన గుడ్లగూబ మీకు దొరకొచ్చు. అప్పుడు కూడా "ఒక్కసారి టార్చ్ వేసి చూద్దాం" అనుకోకండి. గాలి ఆడే అట్టపెట్టెలో చీకటిగా పెట్టి, నీళ్లు నోట్లో పోయకుండా, అటవీ శాఖకో పక్షుల రెస్క్యూ వాళ్లకో ఫోన్ చేయండి.

చూసేటప్పుడు ఏం చూడాలి

ఈకను కాడ పట్టుకోకుండా కాగితం ముక్కతో మెల్లగా బోర్లించి, అడుగు వైపు పైకి వచ్చేలా చేయండి. పై వైపు చూసి "ఏం లేదు" అని లేచిపోయేవాళ్లే ఎక్కువ. అడుగు వైపు కూడా అంతటా వెలగదు. కాడకు రెండు పక్కలా ఉండే అంచుల్లో వెడల్పుగా ఉన్నవైపు, అదీ లేత రంగు భాగంలో, మొదలుకు దగ్గరగా చూడండి. రెక్కలో పక్క ఈక కప్పి ఉంచేది ఆ భాగాన్నే కాబట్టి వెలుతురు తక్కువ తగులుతుంది. ముదురు చారల్లో మెలనిన్ అనే నల్లటి రంగుపదార్థం ఉంటుంది, అది కాంతిని మింగేస్తుంది, అక్కడ నల్లగానే ఉంటుంది. కాబట్టి మంచి ఈకలో గులాబీ పట్టీ, నల్ల పట్టీ, మళ్లీ గులాబీ, ఇలా మారుతూ, చివరికి పోయేకొద్దీ గులాబీ పల్చబడుతూ కనిపిస్తుంది. కోడిగుడ్డు పెంకు ఒక ముక్క జేబులో వేసుకెళ్తే పక్కన పెట్టి పోల్చొచ్చు, ఇది నిజంగా పనికొచ్చే చిట్కా. నీలం తెలుపుగా మసకగా ఉంటే అది ఈకలోని కెరాటిన్ వెలుగు, ఏ పక్షి ఈకైనా కాస్త అలా ఉంటుంది. చూడడం కూడా త్వరగా కానివ్వండి. టార్చ్ కాంతి కూడా కాంతే, అరగంట అలా వేసి ఉంచితే మీరు చూడ్డానికొచ్చిన రంగును మీరే పోగొట్టినవాళ్లవుతారు.

ఫోటో తీయాలంటే ఫోన్‌ని దేనికైనా ఆనించి పెట్టి ప్రో మోడ్‌లోకి వెళ్లండి. నైట్ మోడ్, ఏఐ రంగులు ఆపేయండి, అవి గులాబీని వాటిష్టం వచ్చినట్టు పెంచేస్తాయి. వైట్ బ్యాలెన్స్‌ని ఆటోలో వదలకుండా ఎండ గుర్తు మీద పెట్టండి, ఐఎస్ఓ 400 చుట్టుపక్కల, షట్టర్ ఒకటి రెండు సెకన్లతో మొదలుపెట్టి చూసుకోండి. కెమెరా ఉన్నవాళ్లు లెన్స్‌కి లేత పసుపు ఫిల్టర్ పెడితే అనవసరమైన నీలం పోతుంది. అదే చోట నుంచి మామూలు తెల్ల లైట్‌తో ఇంకో ఫోటో తీసుకోవడం మర్చిపోవద్దు, ఆ జత లేకపోతే యూవీ ఫోటో చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు.

వయసు లెక్క గురించి కొంచెం. ఉత్తర అమెరికాలో సా వెట్ ఔల్ అనే చిన్న గుడ్లగూబల వయసును ఇలా యూవీ కింద రెక్క చూసి చెప్పొచ్చని స్కాట్ వీడెన్‌సాల్, ఆయన తోటివాళ్లు 2011లో వివరంగా రాశారు. ఆ ఏడాది పుట్టిన పిల్లకు రెక్క ఈకలన్నీ ఒకేసారి వచ్చాయి కాబట్టి గులాబీ అంతటా ఒకేలా ఉంటుంది. మరుసటి ఏడాది కొన్ని ఈకలే మార్చుకుంటుంది, బయటి చివరవి, ఒంటికి దగ్గరివి కొత్తగా గాఢంగా, మధ్యవి పాతగా పాలిపోయి కనిపిస్తాయి. ఇంకా పెద్దదైతే రెండు మూడు తరాల ఈకలు కలగాపులగంగా ఉంటాయి. దీన్ని తెచ్చి మన బార్న్ ఔల్‌కి అతికించేయకండి. అది రెక్క చివరి పెద్ద ఈకల్లో లోపలి నుంచి లెక్కపెడితే ఆరోదాన్ని ముందు రాల్చి, అక్కడి నుంచి రెండు వైపులా మార్చుకుంటూ పోతుంది, ఒక్క ఏడాదిలో అన్నీ మార్చదు. పైగా మీ ముందున్నది ఒక్క ఈక, రెక్క మొత్తం కాదు. ఒక్క ఈకతో పక్షి వయసు చెప్పలేం, ఆ ఈక ఎంత కాలం వెలుతురు చూసిందో మాత్రం ఒక అంచనా వేయొచ్చు, పడ్డాక తగిలిన ఎండను కూడా అందులో కలుపుకుని. అంతకు మించి ఎవరైనా చెప్తే అది జోస్యం.

నోట్స్ రాసుకునేటప్పుడు తేదీ, ఈక పడిన చోటు నీడా ఎండా, ఏ వైపు చూశారు, టార్చ్ ఎన్ని నానోమీటర్లది, గులాబీ ఈకలో ఎంత దూరం వరకు ఉంది, ఇవి రాయండి. వీలైతే అదే చోటికి కొన్నాళ్ల తర్వాత వెళ్లి, ఈక ఇంకా అక్కడే ఉంటే మళ్లీ చూడండి. ఇలా తేదీల వారీగా ఉన్న ఫోటోలకు విలువ ఉంటుంది, ఒక్క అదిరిపోయే ఫోటోకి అంత ఉండదు.

ఫోటో నలుగురికి పంపే ముందు లొకేషన్ తీసేయండి. బిల్డింగ్ పేరు, డక్ట్ కనిపించే వెడల్పు ఫోటో, "మా గల్లీలో" అనే మాట కూడా వద్దు. దీపావళి దగ్గర పడితే క్షుద్రపూజల కోసం గుడ్లగూబలను పట్టి అమ్మేవాళ్లు దేశమంతా ఉన్నారు, ఆ దందా మీద, వన్యప్రాణుల వ్యాపారంపై కన్నేసి ఉంచే ట్రాఫిక్ ఇండియా సంస్థ 2010లోనే రిపోర్ట్ వేసింది. ఇంకో వైపు, అపార్ట్‌మెంట్‌లో గుడ్లగూబ ఉందని తెలిస్తే అపశకునం అంటూ డక్ట్‌కి జాలీ కొట్టించే కమిటీలకూ మన ఊళ్లో లోటు లేదు. లోపల పిల్లలున్నప్పుడు జాలీ కొడితే అవి అక్కడే చచ్చిపోతాయి. అలాంటి టెన్షన్ మొదలైతే ఒక గుడ్లగూబ జంట ఎన్ని ఎలుకలు తింటుందో కమిటీ వాళ్లకు చూపించడానికి, కింద పడిన ఆ బూడిద ఉండల ఫోటోలే పనికొస్తాయి. ఒక్కో ఉండలో ఎన్ని పుర్రెలున్నాయో లెక్కపెట్టి మరీ చూపించండి.